గగన దూరం, నేల దూరం: ఓరుగల్లు సీమలో ప్రయాణ కాలపు చరిత్ర

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాలను పటం మీద గుర్తించి సరళరేఖలతో కలిపితే, భుజాల పొడవులో పెద్దగా తేడా లేని త్రిభుజం ఏర్పడుతుంది. జనగామకూ మహబూబాబాదుకూ మధ్య గగన దూరం, అంటే నేల మీది మలుపులను లెక్కలోకి తీసుకోకుండా నేరుగా కొలిచిన దూరం, సుమారు 90 కిలోమీటర్లు. మహబూబాబాదుకూ భూపాలపల్లికీ మధ్య అంతకు రెండు మూడు కిలోమీటర్లు ఎక్కువ. భూపాలపల్లికీ జనగామకూ మధ్య 105 నుంచి 110 కిలోమీటర్లు. అయితే ప్రయాణికుడికి ఈ మూడు దూరాలూ ఒకే తీరున అనుభవంలోకి రావు. జనగామలో రైలెక్కినవాడు దాదాపు రెండు గంటల్లో బండి మారకుండా మహబూబాబాదులో దిగగలిగితే, భూపాలపల్లి నుంచి బయలుదేరినవాడు అంతే దూరానికి నర్సంపేట మీదుగానో వరంగల్ మీదుగానో బస్సులు మారుతూ పూట గడపవలసి వస్తుంది. 2016 అక్టోబరు 11న మూడూ జిల్లా కేంద్రాలు కావడంతో హోదాలో సమానమయ్యాయి గాని ప్రయాణ కాలంలో కాలేదు. ఈ అసమానతకు కారణం కొండలూ వాగులూ మాత్రమే కాదు. పందొమ్మిదో శతాబ్ది చివరి పాతికేళ్లలో రైలు కట్ట ఎటు వేయాలన్న విషయంలో హైదరాబాదులోనూ లండనులోనూ జరిగిన నిర్ణయాలకు అందులో ఎక్కువ పాలుంది.

గగన దూరం లెక్కించే పద్ధతి పైకి కనిపించేంత చిక్కైనది కాదు. భూమి గుండ్రంగా ఉన్నందువల్ల రెండు ఊళ్ల మధ్య అతి దగ్గరి దారి గోళం మీద గీసిన మహావృత్తంలో, అంటే భూకేంద్రం మీదుగా పోయే తలం భూమి ఉపరితలాన్ని ఖండించే వృత్తంలో, ఒక ముక్క అవుతుంది. వందా రెండు వందల కిలోమీటర్ల దూరాలకు ఆ వంపును విస్మరించినా తప్పు రాదు. అక్షాంశంలో ఒక డిగ్రీ తేడాకు సుమారు 111 కిలోమీటర్లు, ఓరుగల్లు ప్రాంతం ఉన్న 18 డిగ్రీల అక్షాంశం దగ్గర రేఖాంశంలో ఒక డిగ్రీ తేడాకు సుమారు 106 కిలోమీటర్లు చొప్పున లెక్క వేసి, ఆ రెంటినీ లంబకోణ త్రిభుజం భుజాలుగా తీసుకుంటే కర్ణం పొడవే గగన దూరమవుతుంది. ఈ లెక్కన సికింద్రాబాదు నుంచి జనగామ సుమారు 75 కిలోమీటర్లు కాగా, రైలు దారిన 84 కిలోమీటర్లు వస్తుంది. జనగామ నుంచి మహబూబాబాదుకు రైలు దారి 118 కిలోమీటర్లు కావడానికి కారణం, ఆ దారి ముందు ఈశాన్యంగా కాజీపేట, వరంగల్ దాకా ఎగబాకి అక్కడ ఆగ్నేయానికి తిరగడమే.

రైలు రాక ముందు ఈ సీమలో దూరాన్ని ఆమడల్లోనూ క్రోసుల్లోనూ చెప్పుకునేవారు. క్రోసంటే సుమారు రెండు మైళ్లు, నాలుగు క్రోసులు ఒక ఆమడ. అయినా ప్రాంతాన్నిబట్టి, చెప్పేవాడినిబట్టి ఆ కొలత సాగుతూ కుంగుతూ ఉండేది. బాటసారికి అసలు పనికొచ్చిన కొలత మజిలీ, అంటే ఒక పగటి నడక తరువాత నీళ్లూ గడ్డీ దొరికి రాత్రి ఆగగలిగిన చోటు. బరువెత్తిన ఎద్దుల బండి గంటకు మూడు నాలుగు కిలోమీటర్లకు మించి పోదు. ఎండ ముదరక ముందూ పొద్దు వాలిన తరువాతా నడిపి, మధ్యలో ఎడ్లను విప్పి మేపితే రోజుకు 20, 25 కిలోమీటర్లు సాగితే గొప్ప. ఆ లెక్కన హైదరాబాదు నుంచి ఓరుగల్లుకు ఆరేడు రోజులు పట్టేది, వానాకాలంలో వాగు పొంగితే ఆ లెక్కకు అర్థమే ఉండేది కాదు. సరుకు రవాణాలో బండ్ల కన్నా పెరిక ఎడ్లు, అంటే వీపున ఇరువైపులా గోనె సంచులు మోసే ఎడ్లు, ముఖ్యమైనవి. బండి బాట లేని అడవి దారుల్లో కూడా అవి మందలుగా నడిచేవి. ఉప్పునూ ధాన్యాన్నీ అలా మోసుకుని తిరిగిన లంబాడాల తండాలు తరువాతి కాలంలో మానుకోట, అంటే మహబూబాబాద్, చుట్టుపక్కల స్థిరపడడం వల్లే నేటి మహబూబాబాద్ జిల్లా జనాభాలో వారి వాటా అంత ఎక్కువగా కనిపిస్తుంది. దూరపు వర్తకం అంతకు చాలా ముందు నుంచే ఉంది. 1244లో కాకతీయ రాజు గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం సముద్ర వ్యాపారులకు భద్రత కల్పించి, సుంకాల రేట్లు నిర్ణయించింది. రేవుకూ రాజధాని ఓరుగల్లుకూ మధ్య రోజుల తరబడి సాగే దారి నమ్మదగినదిగా లేకపోతే అలాంటి శాసనానికి ప్రయోజనమే ఉండేది కాదు.

దారిని పట్టించుకోకుండా దూరాన్ని కొలిచే పద్ధతి ఈ ప్రాంతానికి విమానంతో రాలేదు, అంతకు శతాబ్దం ముందే థియోడలైట్‌తో వచ్చింది. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వేలో ఒక ఆధార రేఖను మాత్రమే గొలుసుతో నేల మీద కొలిచి, దాని రెండు చివరల నుంచి దూరపు కొండ శిఖరానికి గల కోణాలను థియోడలైట్ అనే పరికరంతో చూసి, మిగిలిన భుజాలను గణితంతో రాబట్టేవారు. ఆ భుజమే మరో త్రిభుజానికి ఆధారమయ్యేది. 1815లో బీదరు సమీపంలో అటువంటి ఆధార రేఖ కొలిచిన లాంబ్టన్ చాలా ఏళ్లు హైదరాబాదును కేంద్రంగా చేసుకున్నాడు. ఆయనకు సహాయకుడిగా వచ్చిన జార్జి ఎవరెస్టుకు, తరువాత హిమాలయ శిఖరానికి పేరిచ్చిన ఆ మనిషికే, 1819లో కృష్ణా గోదావరుల మధ్య తూర్పు అడవుల్లో త్రిభుజాలు అల్లే పని అప్పగించారు. వాన వెలిసిన తరువాత గాలిలో దుమ్ము అణగి చాలా దూరం స్పష్టంగా కనిపిస్తుంది కనుక సర్వేకు వర్షాకాలాన్నే ఎంచుకునేవారు. అయితే అడవి జ్వరాలు ముసిరే కాలం కూడా అదే. ఎవరెస్టుతో పాటు సుమారు 150 మంది సిబ్బంది జ్వరాన పడగా హైదరాబాదు నుంచి డోలీలూ ఏనుగులూ పంపి వారిని వెనక్కి తీసుకురావలసి వచ్చింది, కోలుకోవడానికి ఎవరెస్టు 1820లో ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్ కాలనీకి వెళ్లాడు. నేడు ఫోను తెర మీద క్షణంలో తేలే గగన దూరానికి ఆనాడు ఈ అడవుల్లో ఇంత మూల్యం చెల్లించారు. ఇక కొండ నుంచి కొండకు చూపు పారిన చోట కింద బండి బాట ఉందా లేదా అన్నది సర్వేకు అక్కరలేని ప్రశ్న. త్రిభుజం పూర్తయినంత మాత్రాన ప్రయాణికుడికి ఒక్క ఘడియ కూడా కలిసిరాలేదు.

ప్రయాణ కాలాన్ని నిజంగా తగ్గించినది రైలు. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు 1874లో పూర్తయిన బ్రాడ్‌గేజి దారిని తూర్పుకు పొడిగించడానికి 1883లో లండనులో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడింది. పేరులోని గ్యారంటీ అంటే, కంపెనీ పెట్టుబడిపై 20 ఏళ్ల పాటు ఏటా 5 శాతం వడ్డీ వచ్చేలా నిజాం ప్రభుత్వం పూచీ పడడం. రైలుకు ఆదాయం రాకపోతే ఆ లోటును ఖజానా నుంచే, అంటే చివరికి రైతు కట్టే శిస్తు నుంచే పూడ్చాలి. ఈ షరతులను బహిరంగపరచాలని హైదరాబాదులో విద్యావంతులు ఆందోళన చేశారు. చాందా రైల్వే ఆందోళనగా పేరుపడిన ఆ ఉద్యమంలో పాల్గొన్నందుకు సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ ఛటోపాధ్యాయను 1883లో నగరం నుంచి పంపించివేశారు. షరతులు మారలేదు, పని ఆగలేదు. 1886లో రైలు దారి జనగామ మీదుగా వరంగల్ చేరింది. 1888లో డోర్నకల్ దాకా, అక్కడి నుంచి ఇల్లెందు బొగ్గు గనులకు శాఖగా సాగి, 1889లో బెజవాడను అందుకుంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు మోస్తున్న మహబూబాబాద్ ఈ రెండో భాగంలోనే దారి మీదికి వచ్చింది.

ఆందోళనకు పేరిచ్చిన చాందా శాఖ మాత్రం ఆనాడు పడలేదు. వరంగల్ ప్రాంతం నుంచి ఉత్తరంగా గోదావరి దాటి నేటి చంద్రపూర్‌కు వెళ్లవలసిన ఆ దారి, కాజీపేట–బల్లార్షా లైనుగా 1929 నాటికి గాని పూర్తికాలేదు. పూర్తయ్యాక కూడా జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల మీదుగా పోయిందే తప్ప దానికి తూర్పున అడవుల అంచున ఉన్న భూపాలపల్లి వైపు రాలేదు. రాకపోవడానికి కారణం స్పష్టమే. రైలును తూర్పుకు లాగినవి రేవులూ బొగ్గూ. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ కనుగొన్న ఇల్లెందు బొగ్గే డోర్నకల్ శాఖకు మూలం. భూపాలపల్లి నేల కింద కూడా అదే గోదావరి లోయ బొగ్గు ఉన్నప్పటికీ, సింగరేణి సంస్థ అక్కడ కాకతీయ ఖని పేరుతో గనులు తెరిచేసరికి ఇరవయ్యో శతాబ్దం ముగింపుకు వచ్చింది. అప్పటికి బొగ్గు మోయడానికి లారీలు సరిపోతున్నాయి. అదే బొగ్గు వంద సంవత్సరాల ముందు బయటపడి ఉంటే ఇల్లెందుకు దక్కిన రైలు భూపాలపల్లికీ దక్కేదని అనుకోవడంలో అతిశయోక్తి ఏమీ లేదు.

రైలుతో పాటు వచ్చిన మరో మార్పు గడియారానిది. రెండు ఊళ్ల మధ్య ప్రయాణానికి ఇంత సమయం పడుతుందని చెప్పాలంటే ముందు ఆ రెండు ఊళ్లలో గడియారం ఒకటే కావాలి. సూర్యుణ్ణిబట్టి చూస్తే రేఖాంశంలో ఒక డిగ్రీ తేడాకు 4 నిమిషాలు. ఆ ప్రకారం సికింద్రాబాదు కన్నా మహబూబాబాదులో మధ్యాహ్నం దాదాపు 6 నిమిషాలు ముందే అవుతుంది. ఆరు రోజుల బండి ప్రయాణంలో ఆ ఆరు నిమిషాలను ఎవరూ పట్టించుకోలేదు గాని, ఒంటి గాడి మీద ఎదురెదురుగా వచ్చే రైళ్లు ఏ స్టేషనులో ఒకదానికొకటి దారి ఇవ్వాలో నిర్ణయించే టైంటేబులుకు అవి ప్రాణాంతకమైన తేడా. బ్రిటిషిండియా రైల్వేలు మద్రాసు వేధశాల కాలాన్ని తమ ఉమ్మడి కాలంగా పాటించాయి. 1906లో భారత ప్రామాణిక కాలం వచ్చినప్పుడు గడియారం మద్రాసు కాలం కంటే సుమారు 9 నిమిషాలు ముందుకు జరిగింది. మద్రాసు రేఖాంశానికి మహబూబాబాద్ రేఖాంశం చాలా దగ్గర కనుక, మద్రాసు కాలం నడిచిన రోజుల్లో ఈ దారి మీద సూర్యుడి గడియారానికీ రైలు గడియారానికీ ఇంచుమించు పొత్తు కుదిరిన ఊళ్లలో అదొకటని సరదాగా చెప్పుకోవచ్చు.

1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ నుంచి రైల్వేను కొనివేసింది. రెండేళ్లకు, 1932 జూన్‌లో, అదే రైల్వే కింద 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖ మొదలైంది. నేటి ఆర్టీసీకి మూలం అదే. 1945లో ఏర్పడిన దక్కన్ ఎయిర్‌వేస్‌లో కూడా నిజాం రైల్వే టాటా సంస్థతో కలిసి వాటాదారు. రైలు, బస్సు, విమానం మూడింటిలోనూ ఒకే ప్రభుత్వ రైల్వేకు పాత్ర ఉండడం ఆనాటికి అరుదైన విషయం. అడుగడుగునా శాఖల మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలతో పని సాగే నేటి పద్ధతితో పోలిస్తే ఆ ఏర్పాటులో ఎంతో కొంత తెలివి ఉందనే చెప్పాలి.

వరంగల్ సమీపాన మామునూరు విమానాశ్రయం 1930లో ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో వెలసింది. అప్పట్లో దానికి 1,875 ఎకరాల స్థలం ఉండేదని చెబుతారు. వరంగల్‌లో ఆజంజాహి బట్టల మిల్లు, కాగజ్‌నగర్‌లో సిర్పూర్ కాగితపు మిల్లు వచ్చిన కాలమది. పెట్టుబడిదారులూ అధికారులూ రాకపోకలు సాగించడానికి ఆ విమానాశ్రయం ఉపయోగపడింది. దక్కన్ ఎయిర్‌వేస్ నడిపిన డకోటా రకం విమానాల వేగం గంటకు ఇంచుమించు 300 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి వరంగల్‌కు గగన దూరం సుమారు 135 కిలోమీటర్లు కనుక గాలిలో గడిపే సమయం అరగంట. గగన మార్గానికి ఉన్న అసలు శక్తి, నేల దారులు మూతపడిన 1948లో వేరే రూపంలో తెలిసివచ్చింది. హైదరాబాదు రాజ్యం చుట్టూ భారత ప్రభుత్వం రవాణా కట్టడి విధించినప్పుడు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు, సుమారు 1,450 కిలోమీటర్ల దూరంలోని కరాచీ నుంచి, రాత్రిపూట లాంకాస్ట్రియన్ విమానాల్లో నిజాం కోసం ఆయుధాలు చేరవేశాడు. సముద్రతీరం లేని రాజ్యానికి ఆకాశం ఒక్కటే గేటు లేని సరిహద్దుగా మిగిలింది. ఆ సెప్టెంబరులో పోలీసు చర్యతో ఆ రాకపోకలు ఆగిపోయాయి. 1953లో విమాన సంస్థల జాతీయీకరణతో దక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

మామునూరు 1981 దాకా ఏదో ఒక రూపంలో వినియోగంలో ఉంది. ఆ తరువాత మూలబడడానికి ఉదాసీనతను మాత్రమే తప్పుపట్టడం సరికాదు, ఎందుకంటే ఈలోగా రైలు వేగం పెరిగింది. 1969లో సికింద్రాబాదు–విజయవాడ మధ్య ప్రవేశపెట్టిన గోల్కొండ ఎక్స్‌ప్రెస్, గంటకు సగటున 58 కిలోమీటర్ల వేగంతో, ఆవిరి ఇంజను లాగే ప్రయాణికుల రైళ్లలో దేశంలోకెల్లా వేగమైనదిగా పేరు పొందింది. ఆ సగటున సికింద్రాబాదు నుంచి 202 కిలోమీటర్ల దూరంలోని మహబూబాబాదుకు మూడున్నర గంటలు. 2023 జనవరిలో మొదలైన సికింద్రాబాదు–విశాఖపట్నం వందే భారత్ వరంగల్ దాకా ఉన్న 142 కిలోమీటర్లను గంటా ముప్పావు లోపే దాటుతోంది, అయితే జనగామలోనూ మహబూబాబాదులోనూ ఆగకుండానే.

ఈ స్థితిలో హైదరాబాదు–వరంగల్ మధ్య విమానం నడపడం వల్ల ప్రయాణికుడికి ఒరిగేది లేదు. విమాన సంస్థలు ప్రయాణ కాలాన్ని లెక్కించేది, విమానం నిలిచిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి గమ్యంలో మళ్లీ నిలిచేదాకా. గంటకు 500 కిలోమీటర్ల వేగం గల చిన్న టర్బోప్రాప్ విమానానికి హైదరాబాదు విమానాశ్రయం ఉన్న శంషాబాదు నుంచి మామునూరు వరకు ఆకాశంలో లెక్క ప్రకారం 20 నిమిషాలు కూడా పట్టకపోయినా, రన్‌వే దాకా పాకడం, పైకి లేవడం, దిగడానికి వరుస కోసం తిరగడం కలిపితే అది ముప్పావు గంట అవుతుంది. దానికి నగరం నుంచి శంషాబాదు చేరే సమయం, తనిఖీల సమయం జోడిస్తే రైలుదే గెలుపు. మామునూరు నుంచి ఎగిరే విమానానికి ప్రయోజనం ఉండేది ఢిల్లీ, ముంబై వంటి దూరపు నగరాలకే.

విచిత్రమేమంటే, పనికిరాని ఆ గగన దూరమే మామునూరు భవిష్యత్తును చాలా ఏళ్లు శాసించింది. 2004లో కుదిరిన శంషాబాదు విమానాశ్రయ ఒప్పందంలో, అది ప్రారంభమైన నాటి నుంచి 25 ఏళ్ల దాకా 150 కిలోమీటర్ల గగన దూరం లోపల మరో విమానాశ్రయాన్ని అభివృద్ధి చేయరాదన్న నిబంధన చేరింది. శంషాబాదు ప్రారంభమైనది 2008 మార్చిలో. అక్కడి నుంచి మామునూరుకు గగన దూరం లెక్కిస్తే సుమారు 145 కిలోమీటర్లు వస్తుంది. ఒప్పందంలో గగన దూరానికి బదులు రోడ్డు దూరం అని రాసి ఉంటే మామునూరు ఆ గిరి దాటి బయటే ఉండేది. ప్రయాణికుడు ఎన్నడూ నడవని గీత మీద ప్రయాణికుడి సౌకర్యం ఆధారపడింది. చివరకు శంషాబాదు నిర్వాహక సంస్థ అభ్యంతరం లేదని పత్రం ఇవ్వడంతో, రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో అదనపు భూసేకరణకు 205 కోట్ల రూపాయలు మంజూరు చేయడంతో, 2025 ఫిబ్రవరి 28న కేంద్ర పౌర విమానయాన శాఖ మామునూరు అభివృద్ధికి ఆమోదం తెలిపింది. మొదట ఉన్న స్థలంలో మిగిలినది 696 ఎకరాలు కాగా, రన్‌వే పొడిగింపు వంటి అవసరాలకు మరో 253 ఎకరాలు కావలసి వచ్చింది. ఒకనాటి 1,875 ఎకరాలను కాపాడుకోలేని ప్రభుత్వాలే ఇప్పుడు రైతుల నుంచి భూమి కొనవలసి రావడం ప్రణాళికా లోపానికి నిదర్శనం.

మూడు పట్టణాల త్రిభుజంలో మామునూరు ఉన్న స్థానం గమనించదగినది. అక్కడి నుంచి జనగామ సుమారు 50, మహబూబాబాద్ 55, భూపాలపల్లి 60 పైచిలుకు కిలోమీటర్ల గగన దూరంలో ఉన్నాయి. మూడింటికీ ఇంచుమించు సమదూరంలో ఉండే చోటు కోసం వెతికినా ఇంతకన్నా అనువైనది దొరకడం కష్టం. నేల మీద మాత్రం ఆ సమానత్వం మళ్లీ చెదిరిపోతుంది. జనగామకు 163వ జాతీయ రహదారి, రైలు రెండూ ఉన్నాయి. మహబూబాబాదుకు వరంగల్ దాకా 60 కిలోమీటర్ల రైలు దారి ఉంది. భూపాలపల్లికి ఉన్నది బొగ్గు లారీలతో పంచుకునే రహదారి ఒక్కటే. కనుక విమానాశ్రయం తెరుచుకునే నాటికి భూపాలపల్లి, పరకాల వైపు రహదారిని వెడల్పు చేయడం, మూడు జిల్లా కేంద్రాల నుంచి విమాన వేళలకు అనుగుణంగా ఆర్టీసీ బస్సులు నడపడం టెర్మినల్ భవనంతో సమానంగా చేపట్టవలసిన పనులు. భూపాలపల్లి మీదుగా వెళ్లవలసిన రామగుండం–మణుగూరు రైలు మార్గం దశాబ్దాలుగా ప్రతిపాదనల్లోనే ఉంది. చెల్పూరులో 1,100 మెగావాట్ల విద్యుత్ కేంద్రం, చుట్టూ బొగ్గు గనులు ఉన్న భూపాలపల్లి వాసి నేటికీ రైలెక్కాలంటే బస్సులో వరంగల్‌కో జమ్మికుంటకో రావలసిందే.